స్కూటీ కారు

జహేదాకు మొగుడి మీద ప్రేమ పుడితే ఉర్దూ వచ్చేది, కోపం పుడితే తెలుగు వచ్చేది. గౌడవెల్లిలో వాళ్ల గోడకు ఆనుకుని ఉండే సుక్కమ్మను అడిగితే, ఆ ఇంట్లో ఉర్దూ విని చాలా కాలమైందని చెబుతుంది. కీసర దగ్గర రైతుల ఇళ్ల మధ్య పెరిగిన మనిషి కాబట్టి జహేదాకు తెలుగు తిట్లకు కరువు లేదు. పైగా తిట్టాల్సిన సరుకు ఇంట్లోనే ఉంది.

ఆ సరుకు పేరు కుతుబుద్దీన్. మేడ్చల్‌లో రోడ్డు మీద పైపుల దుకాణం ఆయనది. బోరు ఎక్కడ వెయ్యాలో బోరు బండివాడికి చెబుతాడు. బిర్యానీలో ఉప్పు ఎంత పడాలో వంటవాడికి చెబుతాడు. నమాజుకు అందరికన్నా ఆఖర్న వచ్చి, ముందు నిలబడ్డవాళ్లకు వరస వంకరగా ఉందని చెబుతాడు. మడత నలగని తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు. అందులో ఒకటి ఎప్పుడూ ఛార్జింగ్ లేక చచ్చి పడి ఉంటుంది, అయినా జేబులోంచి తొంగి చూస్తూనే ఉంటుంది. పైన పటారం లోన లొటారం అనే సామెతను ఎవరిని చూసి కట్టారో గాని, కుతుబుద్దీన్‌ను చూశాక మార్చాల్సిన అవసరం రాలేదు.

ఇన్ని తెలిసిన మనిషికి క్లచ్ ఒక్కటి పట్టుబడలేదు. చదువుకునే రోజుల్లో గేర్లు లేని మోపెడ్, దుకాణం పెట్టాక గేర్లు లేని స్కూటీ, అంతే ఆయన సవారీ. కారు నేర్చుకుంటానని డ్రైవింగ్ స్కూలుకు పోతే, నెమ్మదిగా వదలమన్న క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేవాడు. బండి కప్పలా గెంతి ఆగిపోయేది. తప్పు బండిదని నేర్పేవాడికే పాఠం చెప్పేవాడు. ఒక పొద్దున రోడ్డు పక్క పుచ్చకాయల కుప్పలోకి తోలాడు. పగిలిన కాయలను చూసి నేర్పేవాడు, "సాబ్, మీకు గేర్లు లేని బండి మంచిగుంటది" అని దండం పెట్టాడు.

కుతుబుద్దీన్ ఆ సలహాను సొంత తెలివి కింద జమ చేసుకున్నాడు. నిరుడు గేర్లు లేని చిన్న కారు ఒకటి, కొత్తది, కొన్నాడు. "గేర్లు గుంజుడు పాతకాలపోళ్ల పని" అని ఊరంతా తిరిగి చెప్పాడు. ఊరు విన్నది, తల ఊపింది, ఆ బండికి స్కూటీ కారు అని పేరు పెట్టింది.

కారు ఆయన పేరు మీదే ఉన్నా నడిచేది మాత్రం జహేదా చేతి మీద. మేడ్చల్‌లో దుకాణం ముందు నిలపడానికి జాగా లేదని ఆయన ఇప్పటికీ స్కూటీ మీదే పోతాడు. శుక్రవారం నమాజుకు, ఎవరింటికైనా దావత్‌కు మాత్రం కారు తీస్తాడు. లైసెన్సు ఇద్దరికీ ఉంది. ఆమెకు బండి నడిపి చూపిస్తే వచ్చింది. ఆయనకు ఎట్లా వచ్చిందో అల్లాకే తెలియాలి.

నిజానికి జహేదాకు బండి కొత్త కాదు. వాళ్ల అబ్బాకు కీసర పక్కన ద్రాక్ష తోట ఉండేది. అనాబ్‌షాహి పందిళ్లు. పెళ్లికి ముందు ఆ తోటలో ట్రాక్టర్ నడిపింది ఆమే. గుంజలకూ చక్రాలకూ మధ్య జానెడు జాగా లేని సందుల్లో ముందుకూ వెనక్కూ తిప్పేది, ఒక్క తీగ తెగేది కాదు. నిఖా అయ్యి గౌడవెల్లికి వచ్చిన కొత్తలో అత్త ఒక మాట చెప్పింది. "ట్రాక్టర్ నడిపిన ముచ్చట గీ ఊళ్ల ఎవ్వలకు చెప్పకు బేటా, మావోని ఇజ్జత్ పోతది." ఆమె చెప్పలేదు. తను ట్రాక్టర్ నడిపితే ఆయన పరువు ఎట్లా పోతుందో మాత్రం ఇన్నేళ్లయినా అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ తోట లేదు. తమ్ముడు సర్ఫరాజ్ ప్లాట్లు చేసి అమ్ముకున్నాడు. అక్క వాటాకు వచ్చిన ఒక్క మడి మిగిలింది. దాంట్లో కొత్తిమీర, పాలకూర, గోంగూర వేస్తుంది. కారు రాకముందు బస్సులు మారి, ఆటో ఎక్కి పోయేసరికి ఎండ నెత్తికెక్కేది. పోవడమే అరుదు, పోయినప్పుడల్లా మడి సగం ఎండి కనిపించేది. కారు వచ్చాక తెల్లారేసరికి అక్కడ ఉంటుంది. నీళ్లు పెట్టి, కోసి, కట్టలు కట్టి, డిక్కీలో వేసుకుని, షామీర్‌పేటలో కూరగాయల దుకాణాలకు దించి, మొగుడు లేచి పళ్లు తోముకునే వేళకు ఇంటికి చేరుతుంది. కారు నిండా కొత్తిమీర వాసన.

సర్ఫరాజ్ కాచుకుని ఉన్నాడు. "నీతోని అయితలేదు ఆపా, అది గూడ అమ్మేద్దాం" అని ప్రతి పండక్కీ అంటాడు. నీళ్లు పెట్టే చెయ్యి లేని మడి ప్లాటు కావడానికి ఎంతోసేపు పట్టదని జహేదాకు తెలుసు. కారు పోతే మడి పోతుంది. ఆ కారునే మార్చేస్తానని లేచాడు కుతుబుద్దీన్.

దానికి కారణం మేనల్లుడు జాహిద్ పెళ్లి. కుతుబుద్దీన్ ఖాందాన్‌లో ఒక రివాజు ఉంది. పెళ్లికొడుకు మేనమామ బండిలోనే ఎక్కాలి, ఆ బండిని మేనమామే నడపాలి. కుతుబుద్దీన్ పెళ్లికి వాళ్ల మామూ జీపు నడిపాడు. ఆ జీపు ముచ్చట జహేదా విననిది కాదు. జీపు రంగు, దానికి కట్టిన పూలు, మామూ ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పిన తీరు, అన్నీ ఆమెకు కంఠోపాఠం. ఆ జీపులో తనూ కూర్చుని వచ్చిందన్న సంగతి మాత్రం ఆయన కథలో ఎప్పుడూ రాదు.

జాహిద్ మర్యాద తెలిసిన పిల్లవాడు. ఇంటికొచ్చి, చాయ్ తాగి, నేల చూస్తూ చెప్పాడు. "మామూ, మీ బండి జర చిన్నగుంది. పూల సెహ్రా కట్టుకొని తల వంచి కూసోవాలంటే తక్లీఫ్ అయితది. పెద్ద బండి కిరాయికి మాట్లాడిన. మీరు ముంగట కూసోండ్రి."

కుతుబుద్దీన్ ముఖం మాడిపోయింది. జాహిద్ చెప్పులు వేసుకుంటూ జహేదా దగ్గర గొంతు తగ్గించాడు. "ముమానీ, దోస్తులంత స్కూటీ కారు, స్కూటీ కారని నవ్వుతున్నరు. మామూకు చెప్పకుండ్రి." చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తలుపు చాటున మామూ నిలబడే ఉన్నాడు.

రెండు రోజులు తిరక్కుండానే ఫోను పట్టుకుని వచ్చాడు. ఛార్జింగ్ ఉన్న ఫోనే.

"జహేదా, గిది సూడు. నల్ల బండి. ఏడుగురు కూసుంటరు. పైన అద్దం తెరుస్కుంటది. యాప్రాల్‌ల చలపతిరావు సాబ్‌దంట, పెద్ద ఆఫీసర్ జేసి రిటైరయిండు. ఎక్కువ తిప్పలేదు. ఆయనకు చిన్న బండి గావాల్నట. బండికి బండి."

"కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటవా?"

"పాతది గాదు. కొంచెం వాడింది."

"కొంచెం తిన్నా ఎంగిలి ఎంగిలే."

"నీకేం సమజ్ అయితది బండ్ల గురించి. గిసొంటి బండి ఇంటి ముంగట ఉంటే ఊరు సలాం కొడ్తది."

"సలాం బండికి కొడ్తరు. నీకెందుకు కొడ్తరు?" అని, ఆమె అసలు సంగతికి వచ్చింది. "మరి నా మడి?"

"బస్సులు బందయినయా? గా బండిల తోలు సీట్లు ఉన్నయి. కొత్తిమీర కట్టలు ఎక్కనిస్తననుకున్నవా?"

జహేదా ఫోను తీసుకుని ఫోటోలు ఒక్కొక్కటీ చూసింది. బండి ముందు నుంచి, వెనక నుంచి, సీట్లు, పైన అద్దం, పాటల పెట్టె. కాళ్ల దగ్గర ఏముందో ఒక్క ఫోటోలోనూ లేదు.

"గేర్లున్నయా దీనికి?"

"పెద్ద బండ్లన్నీ ఇప్పుడు గేర్లు లేకనే వస్తున్నయి."

"అడిగినవా ఆయన్ను?"

"గట్ల ఎవలన్న అడుగుతరా? నాకు గేర్లు రావనుకుంటడు."

బండి రంగు అడిగాడు, నంబరులో అంకెలన్నీ కూడితే ఎంతొస్తుందో అడిగాడు, పైన అద్దం ఎంత వెడల్పు తెరుచుకుంటుందో అడిగాడు. నడపాల్సినవాడికి కావలసిన ఒక్క మాట మాత్రం అడగలేదు. అడిగితే పరువు తక్కువ. ఇంతటి మూర్ఖత్వం చూసి జహేదాకు నవ్వు కూడా రాలేదు. ఇంకో మాట అనాలని నోటిదాకా వచ్చింది గాని మింగేసింది. ఈ మనిషిని గోతి దగ్గర ఆపితే, గొయ్యి తవ్వింది నువ్వే అంటాడు.

ఆదివారం పొద్దున బండి కడిగించాడు. కొత్తిమీర వాసన పోవాలని లోపల ఊదు పొగ వేశాడు, సీట్ల మీద అత్తరు చల్లాడు. జహేదాను కూడా రమ్మన్నాడు, ఆఫీసర్ ఇంటికి పోయేటప్పుడు భార్య పక్కనుంటే గౌరవంగా ఉంటుందని. ఆమె వెనక సీట్లో కూర్చుంది. అదే ఆఖరి సవారీ కావచ్చని ఆమెకు తెలుసు. బొల్లారం దాటి యాప్రాల్ చేరేదాకా మొగుడు పెద్ద బండ్ల గొప్పతనం చెబుతూనే ఉన్నాడు. రెండు చేతులతో స్టీరింగ్‌ను కరిచిపట్టుకుని మరీ చెబుతున్నాడు.

చలపతిరావు పొడుగాటి మనిషి, ఎడమ మోకాలికి పట్టీ. కాలనీలో చెట్ల కింద ఇల్లు. మొదట ఆయన స్కూటీ కారు తలుపు తీసి లోపలికి వంగి చూసి నవ్వాడు. "ఏమండీ, పెళ్లి బిర్యానీ వాసన వస్తోంది."

"అత్తరు సాబ్" అన్నాడు కుతుబుద్దీన్.

"అత్తరూ ఉంది, కొత్తిమీరా ఉంది" అంటూ ఆయన తన బండి తాళం చేతిలో పెట్టాడు. "ఒక చుట్టు తిప్పి రండి. నడిపి చూడందే బండి సంగతి తెలియదు కదా."

నల్ల బండి నిజంగానే గొప్పగా ఉంది. కుతుబుద్దీన్ చొక్కా సర్దుకుని ఎక్కాడు, అద్దంలో ముఖం చూసుకున్నాడు, తర్వాత కిందికి చూశాడు. కాళ్ల దగ్గర మూడు పెడళ్లు. మళ్లీ చూశాడు. మూడోది ఎక్కడికీ పోలేదు. తనతోపాటు వెనక సీట్లోకి ఎక్కిన జహేదాకు ఆయన మెడ మీద చెమట కనిపించింది. జాలి పడాలేమోనని ఒక క్షణం ఆగింది. రాలేదు.

ఆయన తలుపు తీసుకుని నెమ్మదిగా దిగాడు. "సాబ్, ఇయ్యాల పొద్దుగాల్ల నుంచి ఎడమ మోకాలు పట్టేసింది. మీరే నడపుండ్రి, నేను పక్కన కూసోని సూస్త."

"అయ్యో, ఎడమ మోకాలా?" చలపతిరావు నిజంగానే నొచ్చుకున్నాడు. "నాదీ అదే కదండీ. ఈ క్లచ్ తొక్కీ తొక్కీ వచ్చింది. అందుకే గేర్లు లేని బండి కావాలంటున్నాను. మీకూ మోకాలి నొప్పి అయితే మరి ఈ బండి ఎందుకండీ?"

అందరికీ అన్నీ చెప్పే కుతుబుద్దీన్ బండి చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. జహేదాకు ఆ నిలబడటం చూస్తే ఒళ్లు మండింది. క్లచ్ రానిది చాలక, అబద్ధం కూడా సరిగ్గా ఆడలేని మొగుడు.

"నేను నడుపుత" అంది.

ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. చలపతిరావు పక్కన ఎక్కాడు, కుతుబుద్దీన్ వెనక ఎక్కాడు. ఎడమ కాలు క్లచ్ మీద పడగానే పాత తోట గుర్తుకొచ్చింది. గేరు వేసి నెమ్మదిగా వదిలింది. బండి కుదుపు లేకుండా కదిలింది. కాలనీ సందుల్లో తిప్పింది, ఎదురొచ్చిన నీళ్ల ట్యాంకర్‌కు దారి ఇవ్వడానికి గోడవారగా వెనక్కి తీసింది. చలపతిరావు గోడ వైపు చూసి, "బాగా అలవాటున్నట్టుంది" అన్నాడు. "ద్రాక్ష తోటల ట్రాక్టర్ నడిపిన సాబ్" అంది జహేదా. గౌడవెల్లిలో ఇన్నేళ్లు దాచిన మాట, యాప్రాల్‌లో ఎవరూ అడక్కుండానే బయటికొచ్చింది. వెనక సీట్లో దగ్గు వినిపించింది.

ఎత్తున కూర్చుంటే రోడ్డు చాలా దూరం కనబడుతోంది. ఇంజను ఆమె కాలి మాట వింటోంది. ఆటోవాళ్లు ముందే పక్కకు తప్పుకుంటున్నారు. ఈ బండి మీద తనకు మోజు కలుగుతోందని జహేదాకు తెలిసిపోయింది. తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. ఇన్నాళ్లూ మొగుడిని ఏ జబ్బుకు ఈసడించుకుందో ఆ జబ్బు తన ఒంట్లోనూ ఉంది. అయినా ఇంకో సందు ఎక్కువే తిప్పింది.

ఇంటి ముందు ఆపాక చలపతిరావు లోపలికి పోయాడు, చాయ్ చెప్పడానికి. మొగుడూ పెళ్లాలు బండి దగ్గర మిగిలారు.

"బండి మంచిగుంది. తీస్కో" అంది జహేదా.

ఆయన అనుమానంగా చూశాడు. "నిజంగనే?"

"నిజంగనే. నేనే నడుపుత. ఇంటిదాంక నేనే తీస్కపోత. జాహిద్ బరాత్‌కు గూడ నేనే నడుపుత. మామూకు రాకపోతే ముమానీ నడుపుతది. నువ్వు ముంగట కూసో, జాహిద్ ఎనుక కూసుంటడు, సెహ్రా కట్టుకొని, తల ఎత్తుకొని. సగం సీట్లు మడిచి నా కొత్తిమీర నేను ఏస్కుంట. సలాం కొట్టెటోళ్లు ఇద్దరికి కొడ్తరు."

ఈ మాట ఆమె కావాలనే అంది. ఆయన ఒప్పుకోడని తెలిసే అంది. ఒప్పుకోకపోతే పెద్ద బండి రాదు, చిన్న బండి ఉంటుంది, మడి ఉంటుంది. మొగుడి పిరికితనం మీద పందెం కాసింది, ఓడిపోయే పందెం కాదు. కానీ అనేశాక, ఆయన జవాబు కోసం చూస్తున్నప్పుడు, చేతిలోని నల్ల బండి తాళం ఇంకా విడవలేదు. ఎందుకు విడవలేదో ఆమెకు అప్పుడు తెలియలేదు.

కుతుబుద్దీన్ కళ్ల ముందు బరాత్ కనిపించి ఉండాలి. మర్ఫా డప్పులు, పటాకులు, బండి ముందు ఎగిరే పిల్లలు, మేడల మీద నుంచి చూసే ఆడవాళ్లు. పూలు కట్టిన నల్ల బండి. స్టీరింగ్ దగ్గర జహేదా. పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని తను.

"నవ్వుతరు జహేదా" అన్నాడు.

చలపతిరావు చాయ్ కప్పులతో వచ్చేసరికి కుతుబుద్దీన్ మళ్లీ మామూలు కుతుబుద్దీన్ అయిపోయాడు. "సాబ్, బండి మంచిదే గాని ఇంజన్ల ఏదో సప్పుడు వస్తాంది. మా మెకానిక్‌ను అడిగి చెప్త."

"చప్పుడా? నాకెప్పుడూ వినబడలేదే" అన్నాడు చలపతిరావు. ఆయన జహేదా వైపు చూశాడు. జహేదా చాయ్ తాగింది. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. ఈయనైతే మద్దెల ముట్టుకోను కూడా లేదు.

తిరుగు దారిలో బొల్లారం దాటాక ఆయన గొంతు లేచింది. పెద్ద బండ్లు డీజిల్ తాగుతాయన్నాడు, తోలు సీట్లు ఎండకు కాలుతాయన్నాడు, పైన అద్దం తెరిస్తే దుమ్మంతా లోపలికే అన్నాడు. మేడ్చల్ వచ్చేసరికి ఆ బండి వద్దనుకోవడం తన తెలివే అయిపోయింది. ఊరి పొలిమేరకు వచ్చేసరికి చలపతిరావు తనను మోసం చేయబోయాడు కూడా.

జహేదా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మడి దక్కింది. రేపు పొద్దున నీళ్లు పెట్టాలి, పాలకూర కోతకొచ్చింది. సంతోషం కలగాలి, కలిగింది కూడా. దాని కిందే ఇంకొకటి ఉంది. పందెం గెలుస్తుందని తెలిసి కాసింది గాని, ఓడిపోతే బాగుండునని లోపల్లోపల అనుకుంది. ఒక్క మాట, "నడుపు" అని ఉంటే చాలు. ఎవరైనా నవ్వనీ, నువ్వు నడుపు అని. ఆ మాట అనే మనిషై ఉంటే ఆమె బస్సులు మారైనా సరే మడికి పోయేది.

గేటు దగ్గర సుక్కమ్మ ఎదురొచ్చింది. "ఏంది సాబ్, పెద్ద బండి తెస్తమంటిరి?"

"వద్దనుకున్నం సుక్కమ్మా. ఇంజన్ మొత్తం ఖరాబ్. నేను కూసున్నంక ఒక్క నిమిషంల పట్టేసిన."

"ఔనా జహేదక్కా?"

కుతుబుద్దీన్ భార్య వైపు చూశాడు. జహేదా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి, కీసర తెలుగులో, ఊరు నెలరోజులు చెప్పుకుని నవ్వేంత మాటలు. చెప్పడానికి నోరు తెరిచింది. ఎందుకో విసుగనిపించింది. ఈయన మీద అంత ఖర్చు దేనికి?

"ఔ" అంది. మొగుడి చేతిలోంచి కారు తాళం తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆయన వైపు తిరిగి మెత్తగా, "హాత్ ధోలేవ్, ఖానా నికాల్తూ" అంది. చేతులు కడుక్కో, అన్నం పెడతానని.

ఆ ఇంట్లో చాలా కాలానికి ఉర్దూ విన్న సుక్కమ్మ మురిసిపోయి, ఆలుమగలు కలిసిపోయారని వాకిట్లో వాళ్లకు చెప్పుకుంటూ పోయింది. కుతుబుద్దీన్ కూడా అదే అనుకుని తేలికపడి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. తిట్టడానికైనా మనిషి మీద కాస్త ఆశ మిగిలి ఉండాలని ఆ ఇద్దరికీ తెలియదు. జహేదా కంచం పెట్టి, కూర వడ్డించి, రేపటి కొత్తిమీర కట్టలకు కావలసిన అరటి నార నీళ్లలో నానేసింది.